ఉమ్మెత్తాకు పొగ

మొన్న దువ్వాడ స్టేషన్ పక్కన పిచ్చిమొక్కలు తగలబెడుతుంటే, ఆ పొగలో ఉమ్మెత్తాకు వాసన తగిలి మా నానమ్మ గుర్తొచ్చింది.

ఆవిడకు ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడల్లా ఎండిన ఉమ్మెత్తాకును చుట్టలా చుట్టి కాల్చేది. నేను మూడో తరగతిలో ఉండగా, ఉమ్మెత్త ఒంట్లోకి వెళ్తే పిచ్చెక్కుతుందని మాస్టారు చెప్పారు. ఆ భయంతో ఒకరోజు ఆవిడ రేకుడబ్బాలోని ఆకులన్నీ తీసుకెళ్లి సముద్రంలో పారేశాను.

మర్నాడు మధ్యాహ్నమే ఆయాసం వచ్చింది. నానమ్మ డబ్బా మూత తీసి చూసి, "నా ఆకులు ఏటయ్యాయే?" అంది రొప్పుతూ. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. ఆస్పత్రిలో ఇచ్చిన బిళ్లను నాన్న మింగించాడు. అది పనిచేసేదాకా, ఎగిరిపడుతున్న ఆవిడ డొక్కల్నే చూస్తూ నిలబడ్డాను.

ఊపిరి కుదుటపడ్డాక ఏడుస్తూ చెప్పేశాను. "నీకు పిచ్చెక్కిపోద్దని నానే పారేసాను, నానమ్మా."

బిళ్ల వేసుకుంటే ఆవిడకు చేతులు అదిరేవి, అందుకే తప్పనిసరైతే తప్ప వేసుకునేది కాదు. ఆ చేత్తోనే నా తల నిమిరింది.

"నాకూ బయమేనే. అందుకే రెండు దమ్ములు లాగి ఆర్పేత్తాను. ఊపిరాడకపోతే ఏటి సేత్తాం మరి?"

పొగ లాగేటప్పుడు ఆవిడ కళ్లు గట్టిగా మూసుకునేది. అది హాయి వల్లేనని అన్నాళ్లూ అనుకున్నాను.