ముగ్గురి కంప్యూటర్‌తో కొత్తగూడ నుంచి హైటెక్ సిటీకి

మా ముగ్గురికీ కలిపి ఒక కంప్యూటర్ ఉండేది. ఇలా చెబితే వంతులవారీగా దాని ముందు కూర్చునేవాళ్ళం కాబోలనుకుంటారు. మా లెక్క వేరు. లోపల యంత్రమంతా ఉండే డబ్బా యాదగిరిది, మానిటర్ సూర్యకుమారి పిన్నిగారిది, కీబోర్డూ మౌసూ నావి. ఎవరి భాగం వాళ్ళు కొనుక్కుని ఎవరింట్లో వాళ్ళు పెట్టుకునేవాళ్ళం. వారమంతా ఎవరింట్లోనూ కంప్యూటర్ ఉండేది కాదు, ఆదివారం పిన్నిగారింట్లో కలిపితే ముగ్గురికీ ఉండేది. తొంభైల చివర్లో, హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం కొత్తగా లేచిన రోజుల్లో, అమీర్‌పేటలో ఒక సాయంత్రం క్లాసులో మేం కలిశాం. నేను తెనాలి నుంచి వచ్చి బోరబండలో మా అన్నయ్యావాళ్ళింట్లో ఉంటూ ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుగా పనిచేసేదాన్ని. మేం పిన్నిగారని పిలిచే సూర్యకుమారిగారిది భీమవరం, వాళ్ళాయన ప్రభుత్వోద్యోగి, ఇల్లు కొత్తగూడలో. యాదగిరిది నల్గొండ వైపు ఒక పల్లె. హఫీజ్‌పేట్‌లో చిన్న గది కిరాయికి తీసుకుని, హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా ఉండేవాడు.

ఆ కంప్యూటర్‌ను కొత్తగూడ నుంచి హైటెక్ సిటీకి మోసుకెళ్ళిన ప్రయాణానికి కారణం యాదగిరే. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు లావుపాటి రిజిస్టర్‌లో రాయించడం అతని పని. ఎవరు వచ్చారు, ఎవరి కోసం వచ్చారు, ఎన్నింటికి వెళ్ళారు అన్నీ కంప్యూటరే దాచిపెట్టేలా మా ఆదివారాల్లో కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. ఆ ఆఫీసు మేనేజర్ చెవిలో ఈ మాట పడింది. శనివారం మూడింటికి తెచ్చి చూపించు, బాగుంటే లోపల రిసెప్షన్‌లో నీకే ఆ పని ఇప్పిస్తాను అన్నారు. బాగోకపోతే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. గేటు కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతోంది, ఏజెన్సీవాళ్ళు అతన్ని ఊరికి దూరంగా ఏదో గోడౌన్‌కు పంపేస్తారు. అయితే బయటి ఫ్లాపీలు తమ కంప్యూటర్లలో పెట్టనివ్వరట, వైరస్ భయం. అందుకని నీ కంప్యూటర్ తెచ్చుకుని చూపించమన్నారు. మావాడు అట్లనే సార్ అనేసి వచ్చాడు. తన కంప్యూటర్ మూడు బస్తీల్లో ఉందన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి బోరబండలో నలభై రూపాయలకు ఆటో కుదుర్చుకున్నాను. కొత్తగూడ వైపు బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు, అలాంటిరోజున దాన్ని నమ్ముకునేంత ధైర్యం నాకు లేదు. ఒళ్ళో పొడవాటి అట్టపెట్టె చూసి డ్రైవర్ అద్దంలోంచి అడిగాడు.

"ఏందమ్మా అది, హార్మోనియమా?"

"కాదు, కంప్యూటర్‌ది."

"కంప్యూటర్ అంటే గింతేనా?"

"మిగతాది దారిలో ఉంది" అన్నాను. 

మాదాపూర్ దాటాక అప్పట్లో రోడ్డుకు రెండు వైపులా బండరాళ్ళే. వాటి మధ్య ఇనుప చువ్వలు, నీళ్ళ ట్యాంకర్లు, తలగుడ్డలు చుట్టుకుని కాంక్రీటు మోస్తున్న మనుషులు. ఆటోలోకి దుమ్ము దూరి నా జడ ముప్పావు గంటలో నెరిసిపోయింది. నాకదేమీ పట్టలేదు, ఎందుకంటే ఆ పెట్టెలో నేను దాచిపెట్టిన సంబరం ఉంది. పాత కీబోర్డు మీద నెలక్రితం టీ ఒలికి స్పేస్ బార్ అతుక్కుపోయింది. ఇంత ముఖ్యమైన రోజున ఆ ముష్టి కీబోర్డు ఏమిటని, గురువారం ఆఫీసు అయ్యాక కొత్తది కొనేశాను. ఇద్దరికీ చెప్పలేదు. చూసి మురిసిపోతారని.

పిన్నిగారింటికి చేరేసరికి దాదాపు పది. యాదగిరి అప్పటికే వీధి చివర కనిపించాడు. డబ్బాను బొంతలో చుట్టి సైకిల్ క్యారియర్‌కు కట్టి, తొక్కితే కుదుపులకు పాడవుతుందని హఫీజ్‌పేట్ నుంచి నడిపించుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. పిన్నిగారు ఇద్దరికీ చెరో రెండు పెసరట్లు పెట్టి "ముందు తినండి, ఆ గొడవ తర్వాత చూద్దాం" అన్నారు. తిని, ఒకసారి అన్నీ కలిపి నడిపి చూద్దామని కూర్చున్నాం. నేను పెట్టె విప్పాను. కొత్త కీబోర్డు తెల్లగా మెరిసింది. అనుకున్నట్టే ఇద్దరూ మురిసిపోయారు. ఆ మురిపెం నిమిషం కూడా నిలవలేదు.

యాదగిరి డబ్బా వెనక్కి వంగి, లేచి, మళ్ళీ వంగాడు. "అక్కా, ఇది దూరుత లేదు."

డబ్బాకు ఉన్నది పాత రకం సాకెట్, బొటనవేలు పట్టేంత వెడల్పు, ఐదు చిల్లులు. కొత్త కీబోర్డు తీగ చివర ఉన్నది చిటికెన వేలంత పిన్ను, లోపల సన్నటి సూదులు. అప్పుడే ఆ రకం మార్కెట్లోకి వచ్చిందట. నేను కీబోర్డు రంగు చూశాను, మీటల మెత్తదనం చూశాను, తీగ చివర మాత్రం చూడలేదు.

"పోనీ, పాతదుంది కదమ్మా. స్పేస్ బార్ కాస్త గట్టిగా నొక్కితే సరి" అన్నారు పిన్నిగారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "నిన్న పొద్దున ఉల్లిపాయలవాడికి వేసేశానండి."

"కీబోర్డుని ఉల్లిపాయలకి వేశావా?"

"అరకిలో ఇచ్చాడు."

ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. యాదగిరి నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే ఇంకా బాధ. చెమటలు కక్కుతూ అంత దూరం నడిచి వచ్చినవాడు, "ఏం గాదక్కా, ఫికర్ చెయ్యకు" అని నాకే ధైర్యం చెబుతున్నాడు. ఈ పిన్ను మార్చే ముక్క సికింద్రాబాద్‌లో దొరుకుతుంది, కానీ పోయి వెతికి తిరిగొచ్చేసరికి మూడు దాటుతుంది. చుట్టుపక్కల ఇంకో కంప్యూటర్ ఉన్న ఇల్లు మాకు తెలియదు.

పిన్నిగారే ఉపాయం చెప్పారు. ఎదురుగా ఖాజా భాయ్ మైక్ సెట్టు దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకూ వినాయకచవితికీ మైకులు కిరాయికి ఇస్తాడు, వీధిలో ఫ్యాన్లూ రేడియోలూ అన్నీ ఆయనే బాగుచేస్తాడు. కంప్యూటర్ సంగతి మైకులాయనకేం తెలుసని నేను నసిగాను. "తెలియకపోతే తెలియదంటాడు. అడగడానికేం" అని ఆమె చెప్పులేసుకున్నారు. మొత్తం సరంజామా వీధి దాటించాం. యాదగిరి మానిటర్ మోస్తుంటే, అద్దానికి ఎండ తగలకూడదని పిన్నిగారు పక్కన గొడుగు పట్టుకుని నడిచారు. ఆ ఊరేగింపు చూడటానికి ఆటోలు ఆగాయి.

ఖాజా భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి డబ్బా వెనక సాకెట్‌ను వేలితో తడిమాడు.

"అరె, ఇది టేపురికార్డర్ సాకెట్ లెక్కనే ఉంది గద" అన్నాడు.

లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా బోర్లించాడు. పిన్నులు, తీగలు, నట్లు, స్క్రూలు. వాటిలోంచి పాత టేపురికార్డర్ ఐదు సూదుల పిన్ను ఒకటి తీసి మా డబ్బాకు గుచ్చాడు. చక్కగా కూర్చుంది. కొన్ని వేల రూపాయల యంత్రం, హైటెక్ సిటీకి వెళ్ళాల్సిన యంత్రం, పెళ్ళిపందిట్లో పాటలు వేసే పిన్నుకు తలవంచింది. ఆ క్షణాన నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ చెప్పలేను.

పిన్ను దొరికింది సరే, కీబోర్డు తీగ చివర ఉన్నదాన్ని కోసేసి దీన్ని అతకాలంటే, ఏ తీగ ఏ సూదికి? యాదగిరి తన జేబులోని స్క్రూడ్రైవర్‌తో కీబోర్డు వెనక విప్పాడు. లోపల నాలుగు తీగలు, ఒక్కో దాని పక్కన ఒక్కో ఇంగ్లిష్ అక్షరం. కరెంటు తీగ ఏదో, ఎర్తు ఏదో ఆ అక్షరాలను బట్టి అతనే చెప్పాడు. డబ్బా స్విచ్ వేసి, మీటరు ముల్లు కదలికను బట్టి సాకెట్‌లో ఆ రెండు చిల్లులూ ఖాజా భాయ్ కనిపెట్టాడు. ఇక మిగిలినవి రెండు తీగలు, మూడు చిల్లులు.

"ఒక్కొక్కటి పెట్టి చూసుడే" అన్నాడు ఖాజా భాయ్. "జర ఓపిక పట్టుండ్రి."

కంప్యూటర్ ఆపడం, తీగ మార్చి అతకడం, మళ్ళీ వేయడం. మొదటిసారి వేస్తే తెర మీద కీబోర్డు లేదు అని వచ్చింది. దాని కిందే, కొనసాగాలంటే ఎఫ్ వన్ మీట నొక్కండి అని ఇంకో వరుస. పిన్నిగారు రెండుసార్లు చదివారు. "లేని కీబోర్డు మీద ఎలా నొక్కుతామండీ?" అని అడిగారు. అందరం నవ్వాం. రెండోసారీ అదే. మూడోసారీ అదే. గోడ గడియారంలో పన్నెండున్నర. నాలుగోసారి కీబోర్డు మీద మూడు పచ్చ దీపాలూ ఒక్కసారి వెలిగి ఆరాయి. తెర ఆ మాట అనకుండానే ముందుకు సాగింది. యాదగిరి ఒక మీట నొక్కాడు, అక్షరం పడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. పిన్నిగారు చప్పట్లు కొట్టారు, నేను ఆమెను వాటేసుకున్నాను.

డబ్బులు ఎంతని అడిగినా ఖాజా భాయ్ తీసుకోలేదు. తన పేరు ఆ తెర మీద చూపించమన్నాడు. యాదగిరి తన ప్రోగ్రాం తెరిచి, వచ్చినవారి పేరు ఖాజా, ఊరు కొత్తగూడ, వచ్చిన పని రిపేరు అని కొట్టాడు. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. వెళ్ళేటప్పుడు నల్ల టేపు చుట్ట ఒకటి యాదగిరి జేబులో వేసి, దారి మంచిది కాదు, పనికొస్తది అన్నాడు.

రెండింటికి ఆటో ఎక్కాం, ముప్పై రూపాయలు. మానిటర్ పిన్నిగారి ఒళ్ళో, డబ్బా యాదగిరి ఒళ్ళో, ఇద్దరి మధ్య ఇరుక్కుని నేను. గుంత వచ్చినప్పుడల్లా ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆ ఆఫీసు గేటు దగ్గర యాదగిరితో పాటు కాపలా ఉండే గార్డు మమ్మల్ని ఆపి, రూలు రూలే అని రిజిస్టర్ ముందుకు తోశాడు. రోజూ ఇతరుల చేత రాయించే పుస్తకంలో యాదగిరి ఆరోజు తన పేరు రాసుకున్నాడు.

మూడింటికి మేనేజర్ వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి, ముభావంగా ఉన్నారు. యాదగిరి స్విచ్ వేశాడు. తెర మీద కీబోర్డు లేదు అని వచ్చింది.  పిన్నిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఏమైంది?" అన్నారు మేనేజర్, వాచీ చూసుకుంటూ.

"తీగ ఊడినట్టుంది సార్. ఐదు నిమిషాలు ఇయ్యుండ్రి."

కంప్యూటర్ ఆపి, నేల మీద బాసింపట్టు వేసుకుని, పిన్ను మూత విప్పాడు. ఆటో కుదుపులకు ఒక తీగ అతుకు వదిలింది. దాన్ని సూదికి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, మూత బిగించాడు.  మళ్ళీ స్విచ్ వేస్తే మూడు దీపాలూ వెలిగాయి. తర్వాత ప్రోగ్రాం చూపించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మేనేజర్ తెర వైపు తక్కువ, ఆ పిన్ను వైపు ఎక్కువ చూశారు.

"మా దగ్గర సిస్టం ఆగిపోతే కంపెనీవాడు వచ్చేదాకా వారం రోజులు అలా చూస్తూ కూర్చుంటున్నామయ్యా" అన్నారు. "ఇది ఆగిపోతే?"

"నేనే విప్పి చూస్త సార్. ఏ ముక్క పోతే ఆ ముక్క మారుస్త."

"సరే. సోమవారం నుంచి లోపలికి రా."

మరుసటి వారం ఆదివారం పిన్నిగారింట్లో కలిసినప్పుడు ఉద్యోగం ఎలా ఉందని అడిగాను.  "కుర్చీ ఇచ్చిండ్రక్కా. తిరిగే కుర్చీ. మొదటిరోజు పగటి బువ్వయాళ్ళదాకా కూసోలే, ఎవరన్న లేపుతరేమో అని" అన్నాడు యాదగిరి. పిన్నిగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు, కళ్ళు తుడుచుకోవడానికని మాకు తెలుసు.

తర్వాత ఎన్నో కంప్యూటర్లు వాడాను. ఇప్పుడున్నది మూత తీయడానికి ఒక్క స్క్రూ కూడా లేని నున్నటి బిళ్ళ. పాడైతే పారేసి కొత్తది కొనమంటారు. మా ముగ్గురిది మాత్రం విప్పితే విడిపోయేది, కలిపితే కలిసేది. దాన్ని చూసి మేం భయపడలేదు, ఒకరిని ఒకరం అడగడానికి సిగ్గుపడలేదు కూడా. విప్పి చూడగలిగే వస్తువు మనిషికి ధైర్యం నేర్పుతుందని నేను నిజంగా నమ్ముతాను, ఎందుకంటే ఆ ధైర్యమే ఒక గేటు మనిషిని లోపల కూర్చోబెట్టడం చూశాను. మీరూ ఏదైనా వస్తువుకు కొత్త భాగం కొనడానికి బయలుదేరుతుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: పాత భాగాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి తీసుకెళ్ళండి, రెండు పిన్నులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, కొత్తది ఇంట్లో పనిచేసేదాకా పాతదాన్ని ఉల్లిపాయలకు వేయకండి.