మొదటి పేరున్నవాళ్ళే మాట్లాడాలి

గుత్తివంకాయ కూర చూస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. పాపం, కూర తప్పేం లేదు. వాంకూవర్ పక్కన సర్రీలో తెలిసిన అంకుల్ ఒకాయన భోజనానికి పిలిస్తే వెళ్ళాను. కూర అయ్యి పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి టేబుల్ అవతలివైపు లాప్‌టాప్ తెరుచుకుంది. "ఒక్క రెండు నిమిషాలమ్మా, బలవంతం ఏం లేదు" అంటూ ఆయన స్లైడ్లు మొదలుపెట్టారు. పగలు ఐటీ ఉద్యోగం, సాయంత్రాలు ఇన్సూరెన్స్ అమ్మకం. అప్పటికి నేను కెనడా వచ్చి ఒక సెమిస్టర్ కూడా కాలేదు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, చదువుకుంటూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసుకునేదాన్ని. నాకెందుకు పాలసీ? కానీ ఆంటీ పక్కనే నిలబడి "ఆవకాయ వెయ్యనా నాన్నా?" అని అడుగుతున్నారు. ఆవిడ పెట్టిన అన్నం నోట్లో ఉండగా ఆయన మొహం మీద వద్దని ఎలా అనను? గంగిరెద్దులా తల ఊపి సంతకం పెట్టాను.

ఆ మంట అలాగే ఉంది. బిజినెస్ డిగ్రీ మూడో ఏడాదిలో మా ఫైనాన్స్ ప్రొఫెసర్, డిగ్రీ పిల్లలు కూడా సొంతంగా రీసెర్చ్ చెయ్యాలన్నాడు. ఇద్దరిద్దరు కలిసి చెయ్యాలి. బాగా వచ్చినదాన్ని వాంకూవర్‌లో జరిగే విద్యార్థుల కాన్ఫరెన్స్‌కి పంపుతాడు. నా ప్రశ్న ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. అక్కర్లేని పాలసీలు మనవాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గర ఎందుకు కొంటారు? ప్రొఫెసర్‌కి తెగ నచ్చింది. నచ్చి, నాకు తోడుగా మా క్లాసులోనే ఉన్న ఆ అంకుల్ కూతురిని వేశాడు. ఇద్దరూ తెలుగువాళ్ళే కదా, పని తేలికవుతుందని ఆయన ఉద్దేశం.

ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్తుంది. అది నేరం అనను, నా కోపం అందుకు కాదు. ఇంటర్వ్యూలకి నాతో వస్తానని వచ్చి కార్లోనే కూర్చుని ఫోన్ చూసుకునేది. "యూ గో, దే లైక్ యూ" అనేది. వాళ్ళకి నేను నచ్చడమేమిటి? నేను వాళ్ళ భాష మాట్లాడతాను, వాళ్ళు పెట్టిన టీ తాగుతాను, అంతే. బేస్‌మెంట్లలో అద్దెకుండే కుర్రాళ్ళ దగ్గర్నుంచి సొంతిళ్ళవాళ్ళ వరకు ఎందరి దగ్గరికో తిరిగాను. పేర్లు ఎక్కడా రాయనని మాటిచ్చి రికార్డ్ చేశాను, ఇంటికొచ్చి అంతా ఇంగ్లీషులోకి మార్చాను. డేకేర్‌లో పనిచేసే ఒకావిడ అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "నా పురుటప్పుడు పాలసీ అమ్మినాయన భార్య రోజూ పప్పుచారు పంపిందమ్మా. ఆయన కాగితాలు తెస్తే ఎట్లా కాదంటా? మొహమాటానికి తీసుకున్నాం." ట్రక్కు నడిపే అబ్బాయి అయితే నవ్వేశాడు. "కాగితాలు చదవలేదు అక్కా. ఆయన ముందర కూసొని చదివితే మంచిగుండదని చదవలే."

ఎవరిని అడిగినా మొహమాటం దగ్గరికే వచ్చి ఆగారు. నా రీసెర్చ్‌కి దొరికిన జవాబు అదే. ఆ ఒక్క మాట కోసం వానల్లో బస్సులు పట్టుకుని తిరిగాను.

దాన్ని ఇంగ్లీషులో ఏమనాలన్న దగ్గర మొదలైంది గొడవ. ప్రొఫెసర్ పొలైట్‌నెస్ అని రాసెయ్యమన్నాడు. కుదరదన్నాను. పొలైట్‌నెస్ అంటే వెనకొచ్చేవాళ్ళ కోసం తలుపు పట్టుకుని నిలబడటం. మొహమాటం అంటే ఆ తలుపు సందులో వేలు నలిగినా అరవకపోవడం. ఆయనకి ఇలాగే చెప్పాను. "ఇంట్రెస్టింగ్" అన్నాడు. ఈ దేశంలో ఆ మాట అన్నారంటే ఇక వినడం అయిపోయిందని అర్థం.

ఆ పిల్ల ఇంకో అడుగు ముందుకేసింది. లైబ్రరీలో కూర్చుని స్లైడ్లు చేస్తూ, నేను మొహమాటం అని రాసిన చోటల్లా కమ్యూనిటీ ట్రస్ట్ అని మార్చేసింది.

"ట్రస్ట్ అని ఎవరన్నరు? ఒక్కళ్ళన్న అన్నరా?" అన్నాను.

"ఇట్స్ బేసికల్లీ ద సేమ్ థింగ్."

"సేమ్ ఎట్లయితది? నమ్మి కొన్నోళ్ళు వేరు, కాదనలేక కొన్నోళ్ళు వేరు. మీ డాడీకి ఇబ్బంది అయితదని చెప్పరాదు?"

"డోంట్ బ్రింగ్ మై డాడ్ ఇన్‌టు దిస్" అని లాప్‌టాప్ మూసేసింది. వాళ్ళ నాన్నని ఇందులోకి తెచ్చింది నేనా? గుత్తివంకాయ పెట్టి తెచ్చుకున్నది ఆయనే.

మా పేపర్ కాన్ఫరెన్స్‌కి ఎంపికైంది. అక్కడి పద్ధతి చదివాక నా ప్రాణం లేచొచ్చింది. రాసినవాళ్ళ పేర్లు ఇంటిపేరును బట్టి అక్షర క్రమంలో వేస్తారు. వేదిక మీద మొదటి పేరున్నవాళ్ళు ఒక్కరే మాట్లాడాలి. మా ఇంటిపేరు 'ఎ'తో మొదలు, వాళ్ళది 'ఎం'తో. ఇక గొడవే లేదు, మాట్లాడేది నేనే. ఆ పిల్ల ఎన్ని స్లైడ్లు మార్చినా మైకు నా చేతిలో ఉంటుంది. డేకేర్ ఆవిడ పప్పుచారు సంగతి, మొహమాటం అన్న మాట, ఆ హాలంతా వినేలా నా నోటితోనే చెప్తాను. అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ కూడా చేశాను.

ప్రోగ్రాం వచ్చింది. మొదట ఆమె పేరుంది, కింద నాది.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మనం ఇంటిపేరు ముందు రాసి, పేరు తర్వాత రాస్తాం. కాలేజీలో చేరేటప్పుడు నేనూ అలవాటు కొద్దీ అదే వరుసలో నింపాను. ఇక్కడి కంప్యూటర్‌కి చివర ఉన్నదే ఇంటిపేరు. అమ్మానాన్నలు ముద్దుగా పెట్టుకున్న నా పేరు ఇంటిపేరైపోయింది. అది 'వి'తో మొదలు.

ఇద్దరం కలిసి ప్రొఫెసర్ గదికి వెళ్ళాం. విషయం చెప్పాను. ఆయన నన్ను వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "నీకు తెలిసే ఉంటుందిగా, వీటిలో ఇంటిపేరు ఏది?"

తెలియకేం? నేను మొట్టమొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న అడిగిందే నా ఇంటిపేరు. అది చెప్పగానే "ఖమ్మంలో మీవాళ్ళు నాకు తెలుసమ్మా" అని చుట్టరికం కలిపినంత పని చేశారు. ఈ పిల్ల అప్పుడు పక్క సోఫాలోనే ఉంది. ఆ ఇంటిపేరు పట్టుకునే నాకు పాలసీ అంటగట్టారు.

ఆమె నా మొహం చూడలేదు. "ఐయామ్ నాట్ ష్యూర్. ఐ థింక్ ఇట్ వేరీస్" అంది.

ప్రొఫెసర్ భుజాలెగరేసి, సిస్టమ్‌లో ఎలా ఉంటే అలాగే వెళ్దామన్నాడు. అక్షర క్రమానికి, ఎవరు ఎంత పని చేశారన్నదానికి సంబంధం లేదని ఓదార్చాడు కూడా. సంబంధం లేకపోతే ఆ మైకు నాకివ్వొచ్చుగా అంటే, రూల్ రూలేనన్నాడు. కాన్ఫరెన్స్‌వాళ్ళకి మెయిల్ పెట్టాను. ప్రోగ్రాం అచ్చుకి వెళ్ళిపోయిందట.

ఆ వారంలోనే అంకుల్ ఫోన్ చేశారు. "మనలో మనకి గొడవలెందుకమ్మా? ఎవరు మాట్లాడితే ఏముంది, ఇద్దరూ నా పిల్లలే. పొద్దున్నే స్కైట్రైన్‌లో ఏం పడతావ్, మా కార్లో వచ్చెయ్." వద్దనాలి. వద్దనే అనుకున్నాను. "సరే అంకుల్" అని వచ్చింది నోట్లోంచి. నా మీద నాకే అసహ్యం వేసింది. దారి పొడుగునా వెనక సీట్లో ఆంటీ నా ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టి తినమని ఒకటే బతిమాలుతున్నారు. ముందు సీట్లో ఆమె నేను రాసిన వాక్యాలని గొణుక్కుంటోంది.

హాల్లో బాగానే మాట్లాడింది. అబద్ధం చెప్పను, గొంతు బాగుంటుంది. ట్రస్ట్ అన్న మాట స్లైడ్ మీద ఇంత పెద్ద అక్షరాలతో వేసింది. అంకుల్ ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తున్నారు. చప్పట్లయ్యాక, తెల్లజుట్టు ఆవిడొకరు లేచి అడిగారు. "వాళ్ళు నిజంగా ట్రస్ట్ అన్నారా? వాళ్ళ భాషలో ఏ మాట వాడారు? ఆ మాటకి అర్థం ఏమిటి?"

నా ఇన్నేళ్ళ మంటంతా ఆవిడ ఒక్క ప్రశ్నలో అడిగేశారు. లేచి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

వేదిక మీద ఆమె నీళ్ళు నమిలింది. "ఇట్స్ లైక్... రెస్పెక్ట్" అంది. ఏ మాట అని ఆవిడ మళ్ళీ అడిగారు. ఆమెకి ఆ మాట గుర్తులేదు. దాన్ని చెరిపిన చేతులకి అదెలా గుర్తుంటుంది? నా వైపు చూసింది. ప్రొఫెసర్ నా వైపు చూశాడు. "మా ఇంకో విద్యార్థిని సాయం చేస్తుంది" అని మైకు నాకు పంపించాడు. అంకుల్ ఫోన్ నా వైపు తిప్పి, చెప్పమ్మా చెప్పమ్మా అని తల ఊపుతున్నారు. ఆంటీ రెండు చేతులూ జోడించారు.

మైకు నా చేతికొచ్చింది. ఆ మాట నాలుక చివర ఉంది. చెప్తే డేకేర్ ఆవిడ మాట గెలుస్తుంది, అది నాకు తెలుసు. చెప్తే ఆ పిల్ల గట్టెక్కుతుంది, ప్రొఫెసర్ పరువు నిలుస్తుంది, అంకుల్ వీడియో బాగా వస్తుంది. అదీ తెలుసు. వాళ్ళంతా నా మొహం వైపు ఎలా చూస్తున్నారంటే, నేను కాదనలేనని ముందే తేల్చేసుకున్నట్టు.

"క్షమించండి" అన్నాను ఇంగ్లీషులో. "మొదటి పేరున్నవాళ్ళే మాట్లాడాలని రూల్." మైకు పక్కవాళ్ళకి ఇచ్చి కూర్చున్నాను.

తెల్లజుట్టు ఆవిడ కూర్చున్నారు. ఆ మాట ఆ హాల్లో ఎవరికీ తెలియలేదు. ఆ ఒక్క మంట మాత్రం నాకు ఇంకా ఆరలేదు.

బయట పార్కింగ్ దగ్గర అంకుల్ నన్ను ఆపారు. మొహం కందగడ్డలా ఉంది. "అంతమందిలో పిల్ల పరువు తీశావ్. ఒక్క మాట చెప్తే ఏం పోయేదమ్మా నీకు?"

"చెప్తే కాదు అంకుల్, చెప్పకపోతేనే పోయింది," అన్నాను. "మొహమాటం."

ఖాళీ చెయ్యని పులిహోర డబ్బా బ్యాగులోంచి తీసి ఆంటీ చేతిలో పెట్టి, స్కైట్రైన్ స్టేషన్ వైపు నడిచాను.