మల్లేశన్న బండి, నేను చదివిన ప్లేట్

మా కంపెనీ కొత్త పెద్ద పికప్‌ను నా రూమ్మేట్ మల్లేశన్నకు ఇచ్చినప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. ఈ రోజు ఘాలాలోని మా యార్డు నుంచి కొండల మీదున్న నిజ్వా సైట్‌కు ఆ పికప్‌తో ఆరు టన్నుల ట్రైలర్ లాగాల్సి వచ్చింది.

"నా బండి గుట్టనైనా గుంజుతది," అన్నాడు మల్లేశన్న.

నేను వెంటనే వంగి, ట్రైలర్ తగిలించే హిచ్ మీది ప్లేట్ చదివాను. "బండి గుంజుతదన్నా, హిచ్చే తట్టుకోదు. దీనికి ఐదు టన్నులే రాసున్నది."

ఫోర్‌మన్ కూడా చూసి, ట్రైలర్‌ను నా పాత బండికి తగిలించమన్నాడు. దానిది ఎనిమిది టన్నుల హిచ్. గెలిచాననుకున్నాను.

మండుటెండలో, ఏసీ పనిచేయని బండిలో నేను ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే, మల్లేశన్న ట్రైలర్ లేని పికప్‌లో ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని, హారన్ కొట్టి మరీ దాటిపోయాడు. పక్క సీట్లో ఫోర్‌మన్!

మీరైతే ఆ ప్లేట్ పైకి చదివేవారా, మనసులోనే చదువుకునేవారా?