ఖాంతమాసి కుడి చెవి

బెంగాల్లోని తమ్లుక్‌లో మా కింది వాటాలో ఉండే ఖాంతమాసికి, అంటే ఖాంత పిన్నికి, అరవై రెండేళ్లు. ముప్ఫై ఏళ్లకే భర్త పోయాడు. మినప్పిండి నురగలా గిలక్కొట్టి, గసగసాలు పరిచిన పళ్లేల్లో నగల్లాంటి వడియాలు పెట్టి అమ్ముతూ ఇద్దరు కూతుళ్లను పెంచింది. ఇవన్నీ తెలిసినా ఆవిడంటే నాకు గిట్టేది కాదు. నా నాలుగేళ్ల కొడుకు టుబ్లు ఆవిడ కొంగు వదలడు మరి.

మార్గశిరంలో తొలి వడియాలు రెండు పెద్దవిగా పెట్టి, వాటికి పెళ్లి చేస్తాం. ఆ ఏడు మా డాబా మీద పెళ్లిపెద్ద టుబ్లూయే. పెళ్లికూతురు వడియానికి సిందూరం అద్ది, గరిక గుచ్చాడు.

"మరి అత్తగారెవర్రా, మీ అమ్మేనా?" అంది మాసి.

"కాదు, నువ్వే! అమ్మయితే అరుస్తుంది. కోడలు పారిపోతుంది."

ఆడవాళ్లంతా పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం మరవలేదు.

సాయంత్రం వాడు పాలు ఒలకబోశాడు. ఆ వంకన లాగి ఒక్కటిచ్చాను. దెబ్బ చెవి మీద పడింది. నేను జీవశాస్త్రం చదివాను. అరచెయ్యి చెవిని మూసేలా తగిలితే, ఆ గాలి ఒత్తిడికి లోపలి తెర చిరగవచ్చని నాకు తెలుసు. తెలిసి కూడా కొట్టాను. వాడు చెవి పట్టుకుని ఏడిస్తే మారామని సరిపెట్టుకున్నాను.

మర్నాటి నుంచి వంటింట్లోంచి నేను పిలిస్తే పలకడం మానేశాడు. మాసి వాడి పక్కన కూర్చుని మెల్లగా పిలిస్తే మాత్రం చటుక్కున తిరిగేవాడు. నాలుగో రోజు ఉండబట్టలేకపోయాను.

"మాసీ, నా కొడుకుని కాస్త నాకు వదుల్తారా? మీరేం మందు పెట్టారో, నేను పిలిస్తే తల కూడా తిప్పట్లేదు."

"మందూ లేదు, మాకూ లేదు. వాడికి ఎడమ చెవి పనిచెయ్యట్లేదు బౌమా," అంది, ఎప్పటిలా నన్ను కోడలని పిలుస్తూ. "అందుకే నేను కుడిపక్క కూర్చుంటున్నా."

"మీకెలా తెలుసు?"

"నాకూ ఎడమది పనిచెయ్యదుగా. ఏడేళ్లప్పుడు మా నాన్న కొట్టాడు, అన్నంలో రాయొచ్చిందని. చీము కారితే ఆవనూనె పోశారు. ఇక అంతే. నువ్వు నూనె గీనె పొయ్యకు, పద డాక్టరు దగ్గరికి."

డాక్టరు చెవిలోకి లైటు వేసి చూశాడు. "తెరకు చిల్లు పడింది. నీళ్లు తగలనివ్వకండి. చాలావరకు దానంతటదే పూడుతుంది, కానీ నెలకోసారి చూపించాలి. ఏం తగిలింది?"

"బంతి," అన్నాడు టుబ్లు.

మాసే నేర్పిందేమోనని చూశాను. ఆవిడా నాలాగే బిత్తరపోయింది.

"బంతి కాదు. నా చెయ్యి," అన్నాను.

బయటికొచ్చాక వాణ్ణి ఎత్తుకోబోయాను. నా చెయ్యి లేవగానే వాడు కళ్లు గట్టిగా మూసుకుని, మాసి వైపు చేతులు చాపాడు.

మాసి ఎత్తుకోలేదు. ఆస్పత్రి మెట్ల మీద చతికిలబడింది.

"నేనెత్తుకోను. వాడంతట వాడు నీ దగ్గరికొచ్చేదాకా కూర్చుందాం. నాకేం తొందర్లేదు."

ఎండ ముదురుతోంది. వాడు మా ఇద్దరి మధ్యా నిలబడి గోడ గీకుతున్నాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఓపిక చూసి కూడా నాకు అసూయే కలిగింది.