మూడో మలుపులో రాళ్లు

దేవదాసుది జగిత్యాల దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ఒమాన్‌లో ఉన్నాడు. బహ్లా అనే ఊళ్లో రోడ్డు పనుల కంపెనీలో కూలీ. బైకు నడపడం రాదు. నేర్చుకోమంటే ఏదో ఒక సాకు చెప్పేవాడు. అలాంటివాడికి ఆ శుక్రవారం బైకు పందేల డ్యూటీ పడింది.

ఊరి వీధులే పందెం దారి. రోజూ ట్రక్కులు తిరిగే రోడ్డును మూసేసి, మలుపుల్లో, లైటు స్తంభాల చుట్టూ గడ్డిమోపులు పేర్చారు. జారినవాడు మోపుకు తగిలితే బతుకుతాడు, స్తంభానికి తగిలితే బతకడు. ఈ ఆటలో ఇంతకు మించి తెలుసుకోవాల్సింది లేదని దేవదాసు అభిప్రాయం. నాదీ అదే.

మూడో మలుపు అతని వంతు. మోపుల మీద ప్రకటనల గుడ్డ కప్పమన్నారు. గాలికి గుడ్డ లేస్తోంది, కట్టడానికి తాడు లేదు. దేవదాసు గోడ పక్కనుంచి తలకాయంత రాళ్లు తెచ్చి, రోడ్డు వైపు అంచున వరుసగా పెట్టాడు. ఆలోచించి చేసింది కాదు. తారు రోడ్డు మీద వడ్లు ఆరబోసే మనుషుల చేతులకు అది అలవాటు. చుట్టూ రాళ్లుంటే బండ్లు వడ్ల మీదికి రావు.

మొదటి ఇంజను మోత వినగానే తను పెట్టిన రాళ్లకేసి చూశాడు. పన్నెండేళ్ల కిందట మునిమాపు వేళ, అతను వడ్లకు పెట్టిన రాయికే తగిలి గణపతి బైకు పల్టీ కొట్టింది, అక్కడికక్కడే ప్రాణం పోయింది. గణపతి పక్కింటి చిన్నవ్వకు ఒక్కగానొక్క కొడుకు. జనం చేరేలోపు దేవదాసు రాళ్లన్నీ గట్టవతల పారేశాడు. కుక్క అడ్డమొచ్చిందని చెప్పింది కూడా అతనే.

బండ్లు వరుసలో నిలబడ్డాక రోడ్డెక్కినవాడి ఉద్యోగం పోతుందని పొద్దున్నే చెప్పారు. దేవదాసు కంచె దాటాడు.

"అరే, యాడికి? నౌకరీ పోతది నీది," అన్నాడు సూపర్‌వైజర్ ఖమరుద్దీన్.

"పోనీ భాయ్. ఆడ రాళ్లున్నయ్. నేనే పెట్టిన."

పందెం ఆగింది. పద్నాలుగు రాళ్లు. తిట్టుకుంటూనే చివరి రెండూ ఖమరుద్దీన్ మోశాడు.

ఆరో చుట్టులో ఒకడు సరిగ్గా అక్కడే జారి మోపుల్లోకి దూసుకెళ్లాడు. లేచి, ఒంటికంటిన గడ్డి దులుపుకొని, బండిని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. దేవదాసు గోడకు చేరగిలబడి ఏడ్చాడు. అన్నేళ్లలో గణపతి కోసం ఏడవడం అదే మొదలు.

సాయంత్రం ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. దేనికో తెలిసిందే. వెళ్లేముందు ఇంటికి ఫోన్ చేసి, చిన్నవ్వకివ్వమని భార్యతో చెప్పాడు.

"తిన్నవా బిడ్డా?" అంది చిన్నవ్వ.

"చిన్నవ్వా, ఆ పొద్దు కుక్క రాలే. మా వడ్లకాడి రాయి తాకింది. రాళ్లు నేనే తీసేసిన."



"పన్నెండేండ్ల సంది నా వాకిట్లకు ఒక్క కుక్కను రానియ్యలే," అంది చిన్నవ్వ.