కునుకులో కుదిరిన ఒప్పందం

మా మావయ్య కూర్చున్నాడంటే నిద్రపోయాడన్నమాటే. అదీ మామూలు కునుకు కాదు. కళ్ళు మూతపడ్డా చేతిలో కలం నడుస్తూనే ఉంటుంది.

మా ఊరూ పక్క ఊరూ కాలేజీల పుట్టలు. వ్యాపారమూ, చదువూ, పాటా కలిసి పంచుకుందామని రెండు ఊళ్ళూ ఒక ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. సమావేశంలో ఎవరేమన్నారో రాసేది మావయ్య. మైకులు పెట్టేది, సంతకాలకి కాగితం తిప్పేది నేను. నా అర్హత అడగకండి. ఈ ఊళ్ళో నాలుగు కాలేజీలూ, ఆ ఊళ్ళో నాలుగు కాలేజీలూ మానేశాను. పక్షపాతం నా ఒంట్లో లేదు.

మావయ్య గురక తీస్తే పైన ఫ్యాను ఎదురు తిరిగేది. నా కళ్ళారా చూశాను. ఏ కల వస్తే అదే రాసేవాడు. "రెండు ఊళ్ళ మధ్య రోడ్డు ఒళ్ళు విరుచుకుని నాలుగు వంపులు వదిలేసింది" అని రాశాడోసారి. "ఆ ఊరి ఫిడేళ్ళూ ఈ ఊరి యంత్రాలూ మబ్బు మీద ఒకే గదిలో అద్దెకి దిగాయి" అని ఇంకోసారి. అందరూ చకచకా సంతకాలు పెట్టేసేవారు. "ఇలా ఎప్పుడనుకున్నాం?" అని అడిగితే తామూ వినలేదని తేలిపోదూ! కొన్నాళ్ళకే రోడ్డు తిన్నగా అయింది. ఫిడేళ్ళు చేసేవాళ్ళకి ఇంజనీరింగ్ కాలేజీలో ఒక గది దొరికింది.

"కలలు రాసి జీతం పుచ్చుకుంటున్నావు, సిగ్గులేదూ మావయ్యా?"

"వాళ్ళు వాగింది వాగినట్టు రాస్తే బాగుంటుందేంట్రా?"

ఇలా ఉండగా, హాల్లో టీ ఇచ్చే అక్క కూతురికి పక్క ఊరి సంగీత కళాశాలలో సీటొచ్చింది. విద్యార్థులకి ఉచితంగా ఉమ్మడి బస్సు పాసు వస్తేనే ఆ పిల్ల చదువు, లేకపోతే లేదు. చేరడానికి సోమవారమే గడువు. ఆ రోజు చర్చ ఆ పాసు మీదే.

కానీ పాసు మీద ఏ ఊరి పేరు ముందుండాలన్న దగ్గరే బండి ఆగిపోయింది.

"మాది పెద్ద ఊరు" అన్నారు మా మేయరు.

"మాది పాత ఊరు" అంది పక్క ఊరి మేయరమ్మ.

"అయితే పాసే వద్దు!"

"వద్దంటే వద్దు!"

టీ అక్క కప్పులు పంచడం ఆపి మేయర్లిద్దరి వంకా చూసింది. మావయ్య మాత్రం గురకలో రెండో కాలం అందుకున్నాడు.

ఇద్దరూ అరిచి అరిచి అలిసిపోయాక మావయ్య రాసిన కాగితం నా చేతికొచ్చింది. "పాసు ఒక పిట్ట. దాని రెండు రెక్కల మీదా రెండు ఊళ్ళ పేర్లు. రెండూ కుడి రెక్కలే. సోమవారం ఉదయం ఏడున్నరకి మొదటి పిట్ట ఎగురుతుంది. ఏకగ్రీవం."

మా మేయరు చదవకుండానే గీకేశారు. నేను టీ అక్క దగ్గర ఆగి, "మావయ్య కలలో మీ అమ్మాయి పంట పండిందక్కా!" అని గుసగుసలాడాను.

"కలేంటి తమ్ముడూ! ఇందాక కప్పు అందుకుంటూ, 'అమ్మాయి ఏ బస్సుకి వెళ్ళాలి?' అని అడిగారు. ఏడున్నర అన్నాను. మళ్ళీ గురక పెట్టారు."

నాకు మతిపోయింది. వెళ్ళి మావయ్య చెవిలో, "ఇన్నేళ్ళూ మెలకువగానే ఉన్నావా?" అన్నాను.

ఒక కన్ను తెరిచాడు. "మెల్లగా మాట్లాడరా. మేయరమ్మ మేలుకుంటుంది."

కాగితం మేయరమ్మ ముందు పెట్టాను. ఆవిడ నిండుగా ఆవలించి, సంతకం చేసింది.