పొట్టకు కట్టుకున్న చక్రం

ఇన్సులిన్ సూది పట్టుకుంటే నా చెయ్యి బొడ్డుకు కుడిపక్కకే పోయేది. ఒకే చోట పొడిచీ పొడిచీ అక్కడ గడ్డలు కట్టి, మందు ఒంటికి పట్టడం మానేసింది. చోటు మార్చమని డాక్టరమ్మ వెళ్లినప్పుడల్లా చెప్పేది. నేను తలూపి వచ్చేదాన్ని.

నరసరావుపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే మా ఆయన దీనికోసం ఒక ప్లాస్టిక్ చక్రం చేశారు. పట్టీతో పొట్టకు కట్టుకుని, అందులో ఉన్న బెజ్జంలోంచి సూది వేసుకోవాలి. వంకర పోకుండా నిటారుగా దిగుతుంది. ఒకసారి వేసుకున్నాక బెజ్జానికి మూత పడుతుంది; చక్రం ఒక గడి తిప్పితే గానీ ఇంకో చోట తెరుచుకోదు. నా సంగతి తెలిసిన మనిషి కదా.

గడ్డలు తగ్గడం చూసి డాక్టరమ్మే పేటెంటుకు పెట్టమన్నది. గుంటూరులో ఒక ఏజెంటును పట్టుకుని పెట్టాం. పేటెంటు ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. సూదికి దారి చూపే బెజ్జాల పలక ముందే ఉందట, గడి గడికీ ఆగే చక్రమూ ముందే ఉందట, రెంటినీ కలపడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనట. కాదని వీడియో హియరింగులో అక్కడి ఆఫీసరుగారిని ఒప్పించాలి. లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, ఆ చక్రాన్ని ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు.

మా ఆయనకు ఒక మర్యాద ఉంది. పని బాగుందని ఎవరన్నా అంటే "దాందేముందండీ" అంటారు. మా వైపు అందరూ అంతే. కూర బాగుందన్నా, కట్టిన ఇల్లు బాగుందన్నా ఆ మాటే. అనకపోతే పొగరనుకుంటారు.

"హియరింగులో మాత్రం అది వద్దు గురువుగారూ," అని ఏజెంటు ముందే బతిమాలాడు. "ఎన్ని చక్రాలు పాడైతే ఇది కుదిరిందో చెప్పండి, చాలు."

చెప్పారు కూడా. విరిగినవీ, తిరగనివీ, మూత పడనివీ వరసగా కెమెరాకు చూపించారు. ఆఫీసరుగారు శ్రద్ధగా విని, చివర్లో నవ్వి, "మంచి ఆలోచనండీ, చక్కగా చేశారు," అన్నారు.

"దాందేముంది సార్, ఎవురికైనా తడతది," అన్నారు మా ఆయన.

ఏజెంటు కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరుగారు రాసుకున్నారు. లాప్‌టాప్ మూశాక మా ఆయన నావైపు తిరిగి, "సారు మంచోడే," అన్నారు.

దరఖాస్తు కొట్టేసిన ఉత్తర్వులో ఆ మాట కూడా ఎక్కింది. హైకోర్టుకు అప్పీలు వేసుకోవచ్చని ఏజెంటు అన్నాడు.

"వద్దులే. కోర్టుకు బోయి నేను తెలివైనోణ్ణని చెప్పుకోవాల్నా? సిగ్గుచేటు."

"సిగ్గేంది?" అన్నాను. "పలకా ఉంది, చక్రమూ ఉంది అంటుండారుగా. ఇన్నేళ్లల్లో ఒక్కడన్నా రెండూ కలిపి నా పొట్టకు తెచ్చాడా? డాక్టరమ్మకే తట్టలా."

ఏజెంటు పెన్ను తీశాడు. "అమ్మా, ఇదే అఫిడవిట్టుగా ఇస్తారా?"

"ఇస్తా, రాసుకో నాయనా."

గడ్డల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. ఇది చేయడానికి చానా బుర్ర కావాలి అన్న చోట, "ఏమే, అది తీపిచ్చు, నలుగురూ నవ్వుతారు," అన్నారు. ఉంచమన్నాను. కింద నా సంతకం పెట్టాను.

అప్పీలు ఇంకా నడుస్తోంది. కోర్టువాళ్లు మా ఆయనను పిలవకుండా ఉంటే ఆశ ఉందంటున్నాడు ఏజెంటు.